నాలుగడుగులు

ఫెర్నాండ్ మనవరాలు అరియాన్ ఫోన్ చేసి
"బల్ల కోయించాలి" అంది,
జుట్టు కత్తిరించుకోవాలి అన్నంత తేలిగ్గా.

పన్నెండడుగుల పైన్ చెక్క బల్ల.
ట్రక్కులోంచి దించడానికి నలుగురం పట్టాం.
మాంట్రియల్లో ఆమె ఇల్లు ఆరో అంతస్తు,
ఆ లిఫ్టుకి ఎనిమిదడుగులే తెలుసు.

షెడ్డులో దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను.
కోతల బల్ల ముఖం ఎవరైనా చదవగలరు:
వేడి గిన్నె దించిన చోట నల్లటి వలయం,
రొట్టె కోసిన గాట్లు, బెల్లప్పాకం మరక.
కడుపు చూసేది వడ్రంగులూ
పసిపిల్లలూ కుక్కలూ.

అక్కడ పెన్సిలు గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
ఓట్స్ బస్తాల లెక్క.
పక్కన కోడి కెలికినట్టు
"టెలెస్ఫోర్‌కి రెండు బాకీ".
తీరిందో లేదో బల్ల చెప్పలేదు.

కాళ్లకి మూడు జానల ఎత్తున బూడిద రంగు చార.
షోడియేర్ నది మంచుగడ్డలతో సహా
వంటింట్లోకి నడిచొచ్చిన ఆ వసంతంలో
ఈ బల్లని మెట్ల కటకటాలకి
ఆవుని కట్టినట్టు కట్టేశారట.
పైన రెండు కోళ్లు, పిండి బస్తా, బుట్టలో పాప.
ఆ పాపే ఫెర్నాండ్.

నూర్పిళ్లప్పుడు దీని చుట్టూ పద్దెనిమిది మంది.
పదకొండేళ్లప్పుడు ఒకసారి నేనూ కూర్చున్నాను,
నాన్న పక్కన, కాళ్లు నేలకి అందక.
కనుబొమ్మల్లో దుమ్ము, చెవుల్లోంచి రాలే పొట్టు,
బఠాణీల సూపు జుర్రుకునే చప్పుడు తప్ప
మాటన్నది లేదు.
ఫెర్నాండ్ నా గిన్నెలో మూడో గరిటె వంచింది:
"చేతులే చిన్నవి నీకు, ఆకలి కాదు."
తను ఎప్పుడు తిన్నదో
ఎవరం అడగలేదు.

ఇప్పుడు తెలిసింది.
పొయ్యి వైపు కొసన, అంచు లోపలికి అరిగి ఉంది,
ఒక నడుము ఆనుకునేంత.
నిలబడి, ఒక చేత్తో గిన్నె పట్టుకుని,
ఎవరికి రొట్టె అయిపోయిందో చూస్తూ.

"ఏ వైపు కోయమంటావు?"
"ఏదైనా ఒకటేగా" అంది అరియాన్.

నాకు కోతలు కోయడం రాదు, కోయడమే వచ్చు.
మూడుసార్లు కొలిచాను.
నాలుగోసారి కాఫీ తాగాను.
రంపం పెట్టగానే
నూరేళ్ల కింద నరికిన చెట్టు
నిన్ననే నరికినట్టు జిగురు వాసన కొట్టింది.
కోతల బల్లకి ఆఖరి కోత నాదే.

అక్టోబరులో ఫోటో పంపింది.
ఎనిమిదడుగుల మీద ఎనిమిది గుమ్మడికాయలు,
తెల్లవి రెండు, ముడతలవి మూడు.
రిబ్బను కట్టిన గోధుమ కంకులు,
తినకూడని ఆపిల్స్, వెలిగించని కొవ్వొత్తులు.
"మరి భోజనం ఎక్కడ?"
"పక్కన చిన్న టేబుల్ ఉంది. ఇది సీజన్ కోసం."

నవ్వబోయి ఆగాను.
ఆ ఏడు నూర్పిళ్ల చివరి రోజు ఫెర్నాండ్ కూడా
పాలకూజాలో ఊదారంగు గడ్డిపూలు పెట్టింది.
మా నాన్న ఆ కూజాని పక్కకి జరిపి
ఉప్పు అందుకున్నాడు.
ఆమె మళ్లీ మధ్యకి జరిపింది.
ఆయన మళ్లీ పక్కకి.
సూపు చల్లారేదాకా సాగిందా పోరు.
గెలిచిందెవరో గుర్తులేదు,
పూలు మాత్రం గుర్తున్నాయి.

నిన్న అరియాన్ అడిగింది:
"ఆ మిగిలిన ముక్క ఏం చేశావు?"
గుమ్మడికాయల దొంగలా
ఫోనులోనే భుజం తడుముకున్నాను.
చేతికి తగిలింది రంపపు పొట్టు.

పొయ్యి వైపు నాలుగడుగులూ నా దగ్గరే ఉన్నాయి,
పడిపోకుండా రెండు కొత్త కాళ్లు వేశాను.
సూపుంది, ఎప్పుడైనా రా అన్నాను.
కుర్చీ లేదు.
నిలబడే తినాలి.